పంపకాల కాగితంలోని ఇల్లు

నష్టాల సర్వేయరంటే కాలిపోయిన ఇంటిని చూడడానికి వెళ్ళేవాడని మా వీధిలో చాలామంది అనుకునేవారు. ఈ పనిలో చేరిన కొత్తలో నేనూ అలాగే అనుకున్నాను. కాలిపోయినదాన్ని ఎవరైనా చూడగలరు. సర్వేయరు చూడవలసింది కాలడానికి ముందురోజు అక్కడ నిలబడి ఉన్న ఇంటిని. అది ఇప్పుడు లేదు. ఉన్నవి బూడిద, పగిలిన గోడ, తడిసిన పరుపులు, ఏడ్చి అలసిపోయిన మనుషులు. వీటి ఆధారంగా లేని ఇంటిని మనసులో తిరిగి నిలబెట్టి, దాని విలువ ఇంత అని రాసి, కింద సంతకం పెట్టాలి. ఉద్యోగమంతా ఇంతే.

ఈ వృత్తిలోకి వస్తున్న యువకులు నన్ను లైసెన్సు గురించి, పరీక్షల గురించి, ఫీజుల గురించి అడుగుతారు. వాటికి నాకంటే మంచి జవాబులు చెప్పగలవారు ఉన్నారు. నేను చెప్పగలిగినది రాయచూరు బజారులోని ఒక్క ఇంటి సంగతి. ఇంటికీ, ఇంట్లోని సామానుకూ, వాకిట్లోని కారుకూ బీమా విలువ అంటే ఏమిటో నాకు పూర్తిగా అర్థమైనది అక్కడ. నా పనిలో నేను చేసిన పెద్ద తప్పు కూడా అక్కడే జరిగింది.

మూసిన కవరు

నేను భౌతికశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి, రెండేళ్ళు కళాశాలలో పాఠాలు చెప్పి, తరువాత ఇటు వచ్చాను. ఎవరేం చెప్పినా ‘నీకెలా తెలుసు?’ అని అడగడం అప్పటికే నాకు అలవాటైపోయింది. ఇంట్లో ఆ అలవాటును ఎవరూ మెచ్చుకోలేదు. నన్ను తన దగ్గర చేర్చుకున్న సీనియరు సర్వేయరు వెంకోబరావుగారు మాత్రం దానికోసమే చేర్చుకున్నారు.

కృష్ణ ఒడ్డున థర్మల్ కేంద్రం వచ్చి, ఊరికి నెలజీతాలు తెచ్చిన కాలమది. జీతాల వెంట బ్యాంకు అప్పులు, అప్పుల వెంట ఇళ్ళూ కార్లూ, వాటి వెంట బీమా వచ్చాయి. మా ఇద్దరికీ పనికి కొదవ ఉండేది కాదు. ఏ ఇంటికి వెళ్ళినా వెంకోబరావుగారి పద్ధతి ఒక్కటే. కంపెనీ పంపిన పాలసీ కాగితాన్ని కవరులో పెట్టి, జిగురు అంటించి, బీరువాలో వేసేవారు. ఇల్లు ఎంతకు బీమా చేశారో చూడకుండానే వెళ్ళి, కొలిచి, విలువ కట్టి, సంతకం చేసి, ఆ తరువాతే కవరు చింపేవారు.

“పాలసీ ఎంతకున్నదో చూడకుంటే ఎట్ల సార్?” అని మొదటి వారంలోనే అడిగాను.

“మాస్టరూ, నువ్వు ల్యాబుల పిల్లలకు సమాధానం ముందుగాల చెప్పి, ఎనక ప్రయోగం చేయమంటివా?”

“లేదు సార్.”

“మరి నాకెందుకు చెప్పమంటవ్?”

ఆయన చదివింది పాతకాలపు మెట్రిక్యులేషను. ప్రయోగశాలల్లో నేను ఎన్నో ఏళ్ళు నేర్చుకున్న నియమాన్ని ఆయన ఏ పుస్తకమూ లేకుండా జిగురుడబ్బాతో పాటించేవారు. కొలిచేవాడికి ముందుగా ఒక అంకె తెలిస్తే, చెయ్యి ఆ అంకె వైపు జరుగుతుంది. మోసగాడి చెయ్యే కాదు, మంచివాడి చెయ్యి కూడా జరుగుతుంది.

మూడు విలువలు

అసలు సంగతిలోకి వెళ్ళే ముందు మూడు మాటలు తేల్చుకుందాం.

ఇంటి బీమా విలువ అంటే ఆ ఇల్లు అమ్మితే వచ్చే ధర కాదు. అదే ఇంటిని అదే చోట మళ్ళీ కట్టడానికి అయ్యే ఖర్చు. నేల కాలదు, కాబట్టి నేలకు బీమా లేదు. తుంగభద్ర కాలువ కింద స్థిరపడిన ఒక కోస్తా రైతు, “ఏవండీ, రోడ్డు పక్క స్థలం, దాని రేటు కూడా కలిపే రాయించానండీ, మరి అంతా ఇవ్వరా?” అని నాతో ఒక పూటంతా వాదించాడు. స్థలానికి ఆయన ఏళ్ళ తరబడి కట్టిన ప్రీమియం వృథా అయింది. ఆ పాపం ఆయనది కాదు, ఫారం నింపినవాడిది.

సామాను విలువ ఇంట్లో ఉన్న వస్తువులన్నిటిదీ కలిపి వేసేది. ఒక్కొక్క గదిలో నిలబడి రాసుకుంటే తప్ప ఎవరికీ సరిగా తెలియదు. చాలామంది టీవీ, ఫ్రిజ్, మంచాలు లెక్కపెట్టి ఆపేస్తారు. బట్టలనూ వంటపాత్రలనూ మరిచిపోతారు.

కారు సంగతి వేరు. దానికి ప్రతి ఏడూ వయసును బట్టి ఒక ప్రకటిత విలువ వేస్తారు. కారు పూర్తిగా పోతే ఇచ్చేది ఆ విలువే.

ఇక, తక్కువ విలువకు బీమా చేస్తే ఏమవుతుంది? ఇల్లు తిరిగి కట్టడానికి పది పాళ్ళు ఖర్చయ్యేచోట ఆరు పాళ్ళకే బీమా ఉందనుకోండి. ఇంట్లో సగం, అంటే ఐదు పాళ్ళు కాలితే, ‘నష్టం ఐదు, బీమా ఆరు, మొత్తం వస్తుంది’ అని అందరూ అనుకుంటారు. రాదు. పదిలో ఆరు వంతులకే బీమా చేశారు కనుక, ఐదులోనూ ఆ నిష్పత్తే వస్తుంది. మూడు పాళ్ళు. ఇప్పుడు ఇళ్ళ పాలసీల నియమాలు కొన్ని మారాయి. మీ పాలసీ మీరు చదువుకోండి. నేను చెప్పే రోజుల్లో నియమం ఇదే.

కాలిన పడసాల

ఊరి పక్కన యరమరస్‌లో కొత్త విద్యుత్ కేంద్రం లేస్తున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం ఆ ఇంట్లో నిప్పంటుకుంది. గోనెసంచులు, తాళ్ళు అమ్మే తెలుగు వ్యాపార కుటుంబం వాళ్ళది. ఇద్దరు అన్నదమ్ములు. పెద్దవాడు నాగయ్య అప్పటికే పోయాడు. ఆయన భార్య సావిత్రమ్మగారే దుకాణం చూసుకునేవారు. పదిహేనేళ్ళ కిందట ఒకే ఇంటిని రెండుగా పంచుకున్నారు. ఎడమవైపు భాగం సావిత్రమ్మగారిది, కుడివైపు భాగం మరిది శేషగిరిది. వాకిలి ఉమ్మడి.

నిప్పు ఆమె అటక మీద పాత వైరింగులో పుట్టింది. ఆ వేళ ఆమె దుకాణంలో ఉన్నారు, ఇంట్లో ఎవరూ లేరు. టేకు దూలాలతో, నగిషీ స్తంభాలతో ఉన్న ముందు పడసాల, పక్క గది, వంటిల్లు పోయాయి. కూలిన పైగోడ వాకిట్లో ఉన్న శేషగిరి కారు మీద పడింది. అతని భాగంలో ఉమ్మడి గోడ పగిలింది. దుకాణం సరుకు ఇంట్లో దాచితే ఇంటి బీమాకు చిక్కు, అందుకని నేను మొదట చూసినది అదే. గోనె కాలిన బూడిద ఎక్కడా లేదు.

గేటు దగ్గరే ఏజెంటు బసవరాజు ఎదురయ్యాడు. పాపం, అతని ముఖం పాలిపోయి ఉంది. “సార్, ఏటేటా చెప్తనే ఉన్న. ఇల్లు ఎక్కువకు రాయిద్దామమ్మా అంటే వద్దంటది. పంపకాల కాగితంల ఎంతుందో అంతకే రాయి అంటది” అని, ఆ అంకె కూడా చెప్పేశాడు. చెవులు మూసుకోవలసింది. మూసుకోలేదు.

పంపకాల కాగితాన్ని సావిత్రమ్మగారు తడవకుండా దాచిన ఇనుపపెట్టెలోంచి తీసి చూపించారు. ‘రెండు భాగములును సమానము’ అని రాసి, ఒక్కొక్క భాగానికి ఒకే విలువ వేశారు. ఆ అంకె ఆ కుటుంబానికి ఒట్టు లాంటిది. పురపాలక సంఘానికి రాసినా, బ్యాంకుకు రాసినా, బీమాకు రాసినా పదిహేనేళ్ళుగా ఇద్దరూ అదే రాశారు. ఒకరు ఎక్కువ రాస్తే, ‘నాకు ఎక్కువ వచ్చింది’ అని రెండోవారికి కాగితం మీద చెప్పినట్టే. బజారులో పంచుకున్న ఇళ్ళన్నిటిలోనూ ఈ మర్యాద ఉంది. తరువాతి కాలంలో నేను ఇటువంటివి ఇంకా నాలుగు చూశాను.

“అమ్మా, ఈ పదిహేనేళ్ళలో టేకు ఎంతయిందో, మేస్త్రీ కూలి ఎంతయిందో మీకు తెలియదా?” అన్నాను, కాస్త విసుగ్గానే.

“ఎందుకు తెల్వదు సారూ, బజార్ల కూసునేదాన్ని. కాగితంల అంతే ఉంది. దాన్ని నేను పెంచితే మంచిగుంటదా?”

మంచికీ విలువకూ సంబంధమేమిటని మనసులో అనుకున్నాను. ఆమెది మొండి అజ్ఞానమని నోటుపుస్తకంలో రాసుకున్నాను కూడా. ఆ పేజీ ఇప్పటికీ నా దగ్గర ఉంది.

ఆమె ముందున్న సమస్య మాత్రం తేలికైనది కాదు. వానాకాలం దగ్గరపడుతోంది. చిన్నకూతురితో వెనుక గదిలో తలదాచుకుంటున్నారు. బీమా సరిపడా రాకపోతే పై కప్పు వేయలేరు. వేయలేకపోతే ఆ భాగాన్ని అమ్ముకోవాలి. కొనడానికి పక్కనే మరిది ఉన్నాడు. అతను నా చుట్టూ తిరుగుతూ రోజూ ఒకటే ప్రశ్న అడిగేవాడు: “వదినకు ఎంతొస్తది సారూ?” అనుమానించడం నాకు అలవాటు కదా. ఇతను వదిన భాగం కోసం కాచుకుని ఉన్నాడని అనుకున్నాను.

నాలుగో గంగాళం

సామాను సంగతి ముందు తేల్చాను. బసవరాజు నింపిన నష్టాల ఫారంలో ఇత్తడి గంగాళాలు నాలుగని ఉంది. బూడిద జల్లించాను. మూడే దొరికాయి. అల్యూమినియం కుక్కరు కరిగి ముద్దయింది. ఇత్తడి నల్లబడిందే గాని కరగలేదు. అంటే ఆ వంటింట్లో వేడి ఆరువందల అరవై డిగ్రీలు దాటింది, తొమ్మిది వందలకు చేరలేదు. నాలుగో గంగాళం ఆవిరైపోయే అవకాశమే లేదు.

“అమ్మా, నాలుగోది ఏది?” అని, దొంగ దొరికినట్టే అడిగాను.

“నాలుగోది గబ్బూరుల ఉంది సారూ. మా ఆడబిడ్డ ఇంట్ల పెండ్లికి ఇచ్చిన.”

“మరి కాలిపోయిందని రాశారే?”

ఆమె లోపలి నుంచి అట్ట ఊడిన బడిపుస్తకం ఒకటి తెచ్చారు. గదివారీగా, వస్తువువారీగా, ఎప్పుడు ఎంతకు కొన్నారో రాసి ఉంది. అమ్మినవి, ఇచ్చినవి గీత కొట్టి ఉన్నాయి. నాలుగో గంగాళం మీద గీత ఉంది, పక్కన ‘గబ్బూరు’ అని ఉంది. తొందరలో ఫారం నింపిన బసవరాజు ఆ గీత చూడలేదు. నేను అసలు పుస్తకం అడగకుండా ఫారం పట్టుకుని కూర్చున్నాను.

“ఏటేటా పాలసీ కట్టే ముందు ఇది చూసే సామాను విలువ చెప్త. మీరు అడగక పోతిరి” అన్నారామె. కోపం లేదు. నాకది ఇంకా కష్టంగా ఉంది.

పుస్తకంతో పోల్చి ప్రతి వస్తువునూ సరిచూశాను. ఒక్క తేడా దొరకలేదు. సామానుకు వేయించానని ఆమె చెప్పిన విలువ దాదాపు నేను కట్టిన విలువే. పూర్తి నష్టం వచ్చింది. నేను పరీక్షించిన ప్రయోగశాల రికార్డుల్లో కూడా అంత శుభ్రమైనవి కొన్నే చూశాను. సామానుకు ఇంత ఖచ్చితంగా విలువ చెప్పగలిగిన మనిషి ఇంటికి మాత్రం పాత అంకె పట్టుకుని వేలాడడం ఏమిటి? అప్పుడే అడిగి ఉండవలసిన ప్రశ్న అది. అడగలేదు.

కారు విషయం సులువుగానే తేలింది. అది పూర్తిగా పోయింది, ప్రకటిత విలువ పాలసీలో ఉంది. శేషగిరి మాత్రం ఒప్పుకోలేదు.

“పోయినేటి కన్నా తక్కువ ఎట్లయితది సారూ? రోజు కడిగి, తుడిచి పెట్టుకున్న కారు.”

“కడిగితే దుమ్ము పోతుంది, వయసు పోదు కదండీ.”

“గా మాట మా ఇంటామె నాకు కూడా చెప్తది” అని నవ్వి సంతకం పెట్టాడు. కలం మూస్తూ ఒక మాట అన్నాడు: “కారుకు ఏటేటా కొత్త ఇలువ రాస్తరు. ఇంటికి ఎవరూ రాయకపాయె.”

బీమా రంగంలో పెద్ద ఉద్యోగులెవరూ ఇంత సూటిగా ఈ మాట చెప్పగా నేను వినలేదు. తగ్గేదాన్ని ఏటేటా సరిచేస్తాం. పెరిగేదాన్ని పదిహేనేళ్ళు అలాగే వదిలేస్తాం. తగ్గినప్పుడు ప్రీమియమూ తగ్గుతుంది కనుక ఎవరికీ అభ్యంతరం ఉండదు. పెంచమంటే ప్రీమియం పెరుగుతుంది, ఏజెంటుకు ఖాతాదారు పోతాడన్న భయం. ఏజెంట్లను నేను నిందించేది ఇక్కడే. బసవరాజు కనీసం ఏటేటా అడిగాడు. అడగనివాళ్ళే ఎక్కువ.

మరీ దగ్గరగా వచ్చిన సమాధానం

ఇంటిని కొలిచాను. నా నివేదిక ప్రకారం సావిత్రమ్మగారి భాగాన్ని తిరిగి కట్టడానికయ్యే ఖర్చు బీమా మొత్తానికి కొంచెమే పైన వచ్చింది. కాలినదాన్ని తిరిగి కట్టే ఖర్చు మేస్త్రీ అంచనాను బట్టి వేరే వేశాను. అది దాదాపు పూర్తిగా వస్తుంది, కోత లేనట్టే. నేను సంతోషించిన మాట నిజం. వెంకోబరావుగారికి నివేదిక ఇచ్చాను. అప్పటికి ఆయన బయటికి వెళ్ళడం మానేశారు. పడకకుర్చీలో కూర్చుని నా నివేదికలు చదివేవారు.

ఆయన కవరు చింపి, పాలసీ చూసి, నా నివేదిక చూసి, మళ్ళీ పాలసీ చూశారు.

“ఇంత దగ్గరగ ఎట్లొచ్చింది?”

“కొలిస్తే వచ్చింది సార్.”

“గోడ మందం ఎంత?”

నోటుపుస్తకం తిరగేశాను. గదుల లోపలి కొలతలే తీసుకున్నాను. రెండడుగులకు పైగా మందమున్న రాతిగోడలను వదిలేశాను. మొత్తం ఇంటి విలువలో నగిషీ టేకును మామూలు కలప కింద కట్టాను. ఒక్కొక్కదానికీ నా దగ్గర ఒక కారణం ఉంది. అన్ని కారణాలూ ఒకే వైపు మొగ్గాయి.

“ఈ అంకె నీకు ముందుగాల తెలుసా?” అన్నారు.

“బసవరాజు చెప్పాడు సార్.”

“ఆమె మంచిది. నాకూ తెలుసు, మా ఇంటికి తాళ్ళు ఆమె దగ్గరనే తెస్తం. అయితే ఏంది? నువ్వు కోరుకున్న జవాబు వచ్చిననాడే ఇంకోపారి కొలవాలె మాస్టరూ. వద్దనుకున్న జవాబును ఎట్లయినా నువ్వే పదిసార్లు కొలుస్తవ్.”

దురాశతో తప్పు కొలిచేవాళ్ళ గురించి మీకు చాలామంది హెచ్చరికలు చేస్తారు. అభిమానంతో తప్పు కొలిచినవాణ్ణి నేను. నా పేరు పక్కన ఎమ్మెస్సీ ఉంది. నాకు తెలిసి నేను అబద్ధం రాయలేదు. తెలియకుండా రాశాను, అది ఇంకా ప్రమాదం. నివేదిక చింపి, మర్నాడు పొద్దున్నే టేపు తీసుకుని మళ్ళీ వెళ్ళాను.

టేపు రెండో కొన

పొడవు ఎక్కువైన గోడలకు టేపు రెండో కొన పట్టుకోవడానికి మనిషి కావాలి. శేషగిరి తానే వచ్చి పట్టుకున్నాడు. సావిత్రమ్మగారు కాలిన స్తంభం మొదట్లో ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నారు. ఎందుకు మళ్ళీ కొలుస్తున్నానో దాచకుండా ఇద్దరికీ చెప్పాను. మొదటిసారి తక్కువ కొలిచానని, సరిగ్గా కొలిస్తే ఇంటి విలువ పెరిగి, ఆ నిష్పత్తిలో ఆమెకు వచ్చేది తగ్గుతుందని.

కొంతసేపటికి టేపు వేలాడుతున్నట్టు అనిపించింది. అతను కొనను గోడ అంచుకు పెట్టకుండా జానెడు లోపలికి పట్టుకున్నాడు.

“అంచుకు పెట్టండి శేషగిరిగారూ.”

“పెట్టిన సారూ.”

“పెట్టలేదు.”

అతను గొంతు తగ్గించాడు. “జర వదిలేయండి సారూ. జానెడు ఎక్కువైతే మీకేమొస్తది, తక్కువైతే కంపెనీకేం పోతది? వానలు మొదలైతే ఆడామె పిల్లను పట్టుకొని యాడ ఉంటది? నాది గుడ పాలసీ ఉంది గదా, నా దాంట్ల ఎంతన్న కొట్టేయండి.”

రోజూ ‘వదినకు ఎంతొస్తది’ అని ఎందుకు అడిగేవాడో అప్పుడు తెలిసింది. నా అనుమానం వాకిట్లోనే కూలిపోయింది. అంతలో పీట మీద నుంచి మాట వచ్చింది.

“శేషూ, టేపు సక్కగ పట్టు.”

“వదినా, మీరు ఊకోండి.”

“పదిహేనేండ్లు గంగాళం పోతే గంగాళం గీత కొట్టుకున్న నేను, ఇప్పుడు గోడను దొంగతనం చేస్తనా? పట్టు.”

అతను కొనను అంచుకు పెట్టాడు. అక్కడి నుంచి ప్రతి గోడా బయటి అంచు నుంచి బయటి అంచు దాకా కొలిచాను. ఉమ్మడి గోడ పగిలినందుకు అతని భాగమూ కొలవాలి. కొలిచాను. మధ్యాహ్నానికి లెక్క వేయడం అయిపోయింది. అంకె బయటికి చదవమని ఆమే అడిగారు.

నేను పైన పది పాళ్ళు, ఆరు పాళ్ళు అని చెప్పిన ఉదాహరణ ఊహించి రాసినది కాదు. అది సావిత్రమ్మగారి ఇల్లే. ఆమె భాగం పది. కాగితం ప్రకారం బీమా ఆరు. అదే ఆరుకు బీమా ఉన్న శేషగిరి భాగం తిరిగి కట్టడానికి ఏడు చాలు.

‘రెండు భాగములును సమానము’ అన్న కాగితం ఇనుపపెట్టెలో ఉంది. పదికి ఏడు అన్న కాగితం నా చేతిలో ఉంది. సావిత్రమ్మగారి ముఖంలో బీమా తగ్గిందన్న బాధ కంటే వేరేది కనిపించింది. ఆమె నా వైపు కాదు, మరిది వైపు చూశారు.

“గిది నీకు తెల్వద్దనే శేషూ ఇన్నేండ్లు ఇలువ పెంచలే. పెంచితే బసవరాజు అంటడు, బజారంతా అంటది, పెద్దోళ్ళు పెద్ద ముక్క తిన్నరని. మీ అన్నకు గుడ చెప్పలే. భాగాలు చేసింది ఆయననే గదా.”

వాళ్ళలో పంపకాల పద్ధతి అది. పెద్దవాడు భాగాలు చేస్తాడు, చిన్నవాడు ముందుగా తనకు కావలసినది ఎంచుకుంటాడు. భాగాలు చేసేవాడు పక్షపాతం చూపకుండా ఉండడానికి ఇంతకంటే మంచి ఏర్పాటు నేను ఏ శాస్త్రంలోనూ చదవలేదు. అయితే ఆ ఏర్పాటు ఒక్కటి ఊహించలేదు.

శేషగిరి టేపు చుడుతూ నవ్వాడు. “వదినా, ఎంచుకున్నది నేను గదా? ముందురోజు మీరు గుడికి పోయినప్పుడు రెండు దిక్కుల అడుగులేసి కొలుచుకున్న. పడసాల ఏ దిక్కు ఉందో కండ్లకు కనబడదా? మీకు ముగ్గురు పిల్లలు. నాకు ఒక్కడు. అన్నకు చెప్తే ఒప్పుకుంటడా? అందుకని ఈ దిక్కు గాలి మంచిగొస్తదని చెప్పిన.”

“గాలా!” అన్నారామె. “గా కిటికీల నుంచి థర్మల్ బూడిద తప్ప ఏం రాదు గదా!”

“అప్పుడు గంత రాకపోతుండె” అన్నాడతను.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నవ్వుతున్నారో, ఏడుస్తున్నారో నేను పరిశీలించలేదు. కొన్ని సందర్భాల్లో పరిశీలన ఆపడం కూడా పనిలో భాగమేనని ఆ రోజు గ్రహించాను. నోటుపుస్తకం తెరిచి, ‘మొండి అజ్ఞానం’ అని రాసుకున్న మాటను కొట్టేశాను. ఆ పేజీ దాచింది ఆ గీత కోసమే.

ఆ తరువాత

నివేదిక కొలిచినట్టే వెళ్ళింది. ఐదు పాళ్ళ నష్టానికి మూడు పాళ్ళు వచ్చాయి. నేను చేయగలిగింది ఒక్కటే, పని త్వరగా ముగించడం. అది చేశాను. వానలకు ముందే డబ్బు చేతికందింది. టేకు పడసాల మళ్ళీ లేవలేదు. వచ్చిన మూడు పాళ్ళలో రెండు శిథిలాలు తీయడానికీ, మిగిలిన పాత గోడలను నిలబెట్టడానికీ పోయాయి. ఉన్న ఒక్క పాలుతో థర్మల్ బూడిద ఇటుకలు తెప్పించి, పైన షాబాదు బండలు పరిచి, రెండు గదులు, ఒక వంటిల్లు కట్టుకున్నారు. మేస్త్రీని శేషగిరి చూసుకున్నాడు. అమ్మే మాట ఎవరూ ఎత్తలేదు.

వాళ్ళను నేను ఎందుకు గౌరవిస్తానో చెప్పాలి. ఇద్దరూ ఒకరి కోసం ఒకరు నిజాన్ని దాచుకున్నారు. దానివల్ల నష్టపోయారు. ఒక సర్వేయరుగా ఆ పద్ధతిని నేను మెచ్చలేను. కానీ నిజం బయటపడవలసిన రోజున, తప్పు కొలత వల్ల లాభం వచ్చే మనిషే టేపు సరిగా పట్టమంది. నా వృత్తిలో నేను చూసిన కొలతలన్నిటిలో దానికి సాటి వచ్చేది ఇంకొకటి లేదు.

మరుసటి ఏడు పాలసీ కట్టే ముందు రెండు భాగాలకూ విలువ కట్టమని వాళ్ళే పిలిచారు. బసవరాజు రెండు ఫారాలు పట్టుకుని వచ్చాడు. పాత అంకె అడగకుండా కొలిచాను. టేపు రెండో కొన మళ్ళీ శేషగిరిదే. ఈసారి వేలాడలేదు.

లెక్క చదివాను. నగిషీ టేకు పోయి బూడిద ఇటుక వచ్చింది కనుక సావిత్రమ్మగారి భాగం ఇప్పుడు కాలకుండా మిగిలిన ఐదు, కొత్తది ఒకటి, మొత్తం ఆరు పాళ్ళు. శేషగిరిది ఏడు.

బసవరాజు కలం తీశాడు. శేషగిరి మాత్రం చేయి చాపలేదు. నేల చూస్తూ నిలబడ్డాడు.

“నాదే ఎక్కువొచ్చింది వదినా” అన్నాడు, తప్పు చేసినవాడిలా.

“అయితే ఎక్కువే రాయించుకో శేషూ” అన్నారామె. “నేనేమన్న అనుకుంటనా?”

అతను రాయించుకున్నాడు. తరువాత కలం ఆమెకిచ్చాడు. ఆ ఇంట్లో రెండు కాగితాల మీద రెండు వేరువేరు అంకెలు పడడం నేను చూస్తుండగా అదే మొదటిసారి.